రెండో గడ్డ కనిపించింది, పాకినట్టేనా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా తమ్ముడికి 36 ఏళ్లు. హెచ్‌ఐవీ ఉందని పదేళ్ల కిందట తెలిసింది. మొదట్లో మందులు బాగానే వాడాడు. తర్వాత ఉద్యోగం మారి, ఇల్లు మారి, రెండేళ్లు పూర్తిగా మానేశాడు. మాకెవరికీ చెప్పలేదు. ఈ ఏడాది వీపు మధ్యలో నొప్పి మొదలైంది. రాత్రి పడుకుంటే ఎక్కువ, లేచి కూర్చుంటే కాస్త నయం. పరుపు మార్చాం, బెల్టు కట్టాం. నాలుగు నెలలు అలాగే గడిచింది. ఒకరోజు నడుస్తూ నడుస్తూ ఎడమకాలి చెప్పు జారిపోయినా తెలియక అలాగే ముందుకు వెళ్లిపోయాడు. అప్పుడు ఎంఆర్‌ఐ తీస్తే వెన్నుపామును నొక్కుతూ గడ్డ ఉందన్నారు. ముందు టీబీ అనుకున్నారు, తర్వాత లింఫోమా, అంటే లింఫు కణాల క్యాన్సర్, కావచ్చన్నారు. ఆపరేషన్ చేసి వీలైనంత తీశారు. బయాప్సీ రిపోర్టులో ‘ఎప్‌స్టీన్-బార్ వైరస్ అసోసియేటెడ్ స్మూత్ మజిల్ ట్యూమర్’ అనీ, ‘ఈబర్ పాజిటివ్’ అనీ రాశారు. సీడీ4 లెక్క 86. హెచ్‌ఐవీ మందులు మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు కడుపు స్కాన్‌లో లివర్‌లో కూడా చిన్న గడ్డ కనిపించింది. ఇది క్యాన్సరా? నాలుగో స్టేజీ అన్నమాటేనా? అయితే కీమో ఎందుకు ఇవ్వడం లేదు? వైరస్ వల్ల వచ్చిందంటున్నారు, మా ఇంట్లో తొమ్మిదేళ్ల పాప ఉంది, తనకి అంటుకుంటుందా? వాడి కంచం, గ్లాసు వేరు పెట్టాను, అది తప్పో ఒప్పో తెలియదు. వాడికి ఇంకా రిపోర్టు చూపించలేదు. కొవ్వు గడ్డ అని చెప్పాం. – ఒక అక్క

సమాధానం: అమ్మా, ముందుగా మీకు నిద్ర పట్టనివ్వని మాటకే వస్తాను. లివర్‌లో ఇంకో గడ్డ కనిపించినంత మాత్రాన వెన్నులోది అక్కడికి పాకిందని అనుకోనక్కర్లేదు. నాలుగో స్టేజీ అనే లెక్క ఈ జబ్బుకి సరిగా అతకదు. ఎందుకు అతకదో చెప్పాలంటే ఆ వైరస్ గురించి కాస్త చెప్పాలి, ఓపిగ్గా చదవండి. మీరు అడిగిన ప్రశ్నల్లో సగానికి జవాబు అక్కడే ఉంది.

ఎప్‌స్టీన్-బార్ వైరస్‌ను డాక్టర్లు ఈబీవీ అంటారు. ఉగాండాలో పనిచేసిన డెనిస్ బర్కిట్ అనే సర్జన్ అక్కడి పిల్లల దవడల్లో వేగంగా పెరిగే గడ్డల్ని గమనించి 1958లో రాశాడు. ఆ గడ్డల ముక్కలు లండన్ చేరాయి. 1964లో ఆంథొనీ ఎప్‌స్టీన్, ఇవోన్ బార్, బర్ట్ అచాంగ్ ఆ కణాల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే వైరస్ కనిపించింది. మనుషుల్లో క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్ దొరకడం అదే మొదటిసారి. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ ప్రపంచంలో పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో ఈ వైరస్ ఉంది. నాలో ఉండే ఉంటుంది, మీలోనూ ఉండే ఉంటుంది. చాలామందికి చిన్నప్పుడే లాలాజలం ద్వారా వస్తుంది, మామూలు జలుబో జ్వరమో అనుకుని మర్చిపోతాం. వచ్చాక ఇక పోదు. మన తెల్లరక్తకణాల్లో బి కణాలని ఒక రకం ఉంటుంది, వాటిలో చడీచప్పుడు లేకుండా పడుకుంటుంది. టి కణాలు కాపలా కాస్తుంటాయి. అందుకే కోట్లమంది ఈ వైరస్‌తోనే పుట్టి పెరిగినట్టు బతికేసి, దాని పేరు కూడా వినకుండా వెళ్లిపోతారు.

మీ తమ్ముడి విషయంలో ఆ కాపలా తగ్గిపోయింది. సీడీ4 అంటే ఆ టి కణాల్లో ఒక ముఖ్యమైన జట్టు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఒక మైక్రోలీటరు రక్తంలో 500 నుంచి 1500 దాకా ఉంటాయి. 200 కంటే తగ్గితే ప్రమాదం మొదలైనట్టు. మీ తమ్ముడికి 86. కాపలా లేనప్పుడు ఈబీవీ తనకి అలవాటు లేని ఇళ్లలోకి కూడా దూరుతుంది. నునుపు కండరం, మీ రిపోర్టులో స్మూత్ మజిల్ అని రాసింది దాన్నే, అలాంటి ఇల్లు. మన ఇష్టంతో పని లేకుండా దానంతటదే పనిచేసే కండరం అది. పేగుల్లో ఉంటుంది, గర్భసంచిలో ఉంటుంది, ఒళ్లంతా రక్తనాళాల గోడల్లో ఉంటుంది. వెన్నుపాము చుట్టూ ఉన్న పొరల దగ్గర కండరం ఎక్కడిదని మీకు అనుమానం రావచ్చు. అక్కడి రక్తనాళాల గోడల్లోంచే ఈ గడ్డ మొదలవుతుందని భావిస్తున్నారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఇది మెదడు, వెన్నుపాము పొరల దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లలో లివర్‌లో, ఊపిరితిత్తుల్లో ఎక్కువ. పుట్టుకతోనే ఇమ్యూనిటీ లోపం ఉన్న పిల్లల్లోనూ అరుదుగా వస్తుంది.

ఈ గడ్డలకీ ఈబీవీకీ సంబంధం ఉందని గట్టిగా తేలింది 1995లో. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒకే సంచికలో రెండు వ్యాసాలు వేసింది. ఒకటి ఎయిడ్స్ ఉన్న చిన్న వయసువాళ్ల గురించి, రెండోది అవయవ మార్పిడి తర్వాత వచ్చిన గడ్డల గురించి. జబ్బులు వేరు, మనుషులు వేరు. ఇద్దరిలోనూ ఉమ్మడిగా ఉన్నది ఇమ్యూనిటీ పడిపోవడం, గడ్డ కణాల్లో ఈబీవీ.

ఇప్పుడు మీ రెండో గడ్డ సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన ముక్క ఇదే. ఈబీవీ ఒక కణంలో స్థిరపడేటప్పుడు దాని డీఎన్‌ఏ పోగు రెండు కొసలూ కలిసి ఉంగరంలా ముడిపడుతుంది. ఆ ముడి దగ్గర ఒకే తరహా చిన్న ముక్క వరసగా కొన్నిసార్లు వస్తుంది. ఎన్నిసార్లు అన్నది ముడి పడినప్పుడే తేలిపోతుంది, ఒక కణంలో ఎనిమిది అయితే ఇంకో కణంలో పన్నెండు కావచ్చు. ఆ కణం రెండయి, నాలుగయి, లక్షలయినా అన్నింటిలోనూ అదే లెక్క ఉంటుంది, ఇంటిపేరులాగ. కాబట్టి లివర్‌లో గడ్డ వెన్నులోంచి పాకి ఉంటే రెండింటికీ ఒకే లెక్క ఉండాలి. ఈ రకం గడ్డలు ఒకే మనిషిలో రెండు మూడు చోట్ల ఉన్నప్పుడు పరీక్షించి చూశారు. ఒక గడ్డలోపల కణాలన్నిటికీ ఒకే లెక్క వచ్చింది. పక్క గడ్డకి వేరే లెక్క. అంటే దేనికదే విడిగా పుట్టింది. కాపలా లేని ఊళ్లో నాలుగిళ్లలో దొంగతనం జరిగితే, మొదటి ఇంట్లో పడ్డ దొంగే మిగతా ఇళ్లకీ పాకాడని అనలేం కదా. కాపలా లేకపోవడమే అన్నిచోట్లా కారణం.

మామూలు క్యాన్సర్‌లో రెండో చోట గడ్డ అంటే ఆట చేయిదాటుతున్నట్టు. ఇక్కడ రెండో గడ్డ అంటే ఇమ్యూనిటీ ఇంకా కోలుకోలేదని చెప్పే గుర్తు. చికిత్స ఎటు నడవాలో కూడా దాన్నిబట్టే ఉంటుంది.

అయితే లివర్‌లో ఉన్నది ఇదే గడ్డ అని ఇప్పుడే తీర్మానించకండి. లివర్‌లో రక్తనాళాల ముద్దలు, హెమాంజియోమాలంటారు, ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా బోలెడు కనిపిస్తాయి, వాటితో హాని లేదు. ఇంత తక్కువ సీడీ4తో టీబీ గడ్డ కావచ్చు, లింఫోమా కావచ్చు. డై ఇచ్చి తీసే స్కాన్‌లో చాలావరకు తేలుతుంది, తేలకపోతే సూదితో ముక్క తీసి చూస్తారు. ఆ ముక్కకి కూడా ఈబర్ పరీక్ష చేయమని అడగండి.

ఈబర్ అంటే ఏమిటో మీ రిపోర్టులో ఎవరూ రాసి ఉండరు. వైరస్ కణంలో పడుకుని ఉన్నప్పుడు కూడా చిన్న చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని కుప్పలుగా తయారుచేస్తూ ఉంటుంది. వాటి పేరే ఈబర్. గాజు పలక మీద పరిచిన గడ్డ పొరకి ఒక ప్రత్యేకమైన రంగు పట్టిస్తే ఆ ముక్కలున్న కణాల కేంద్రకాలు ముదురు చుక్కల్లా తేలతాయి. నా దగ్గరికొచ్చిన ఇంకొకరికి ఇలాంటి గడ్డే ఉంటే, ముక్కల్ని మైక్రోస్కోప్‌లో పరీక్షించే పాథాలజిస్టు పక్కన కూర్చుని చూశాను. మామూలు రంగులో ఆ గడ్డ చూడ్డానికి ఏమంత భయంకరంగా లేదు. కదురులా సన్నగా, పొడుగ్గా ఉన్న కణాలు కట్టలు కట్టలుగా, కట్ట మీద కట్ట అడ్డంగా పేర్చినట్టు ఉన్నాయి. మధ్యలో అక్కడక్కడా గుండ్రటి చిన్న కణాల గుంపులు. ఈబర్ రంగు వేసిన పలక పెట్టగానే ఒక్కో కణం నడుమా నల్లగా చుక్క పెట్టినట్టు వరసలు తీరి కనిపించింది. అంతకుముందు ఆ గడ్డ ఎంఆర్‌ఐ చూసి నరం తొడుగు మీద వచ్చే మామూలు గడ్డ అని నోట్‌లో రాసింది నేనే. వెన్నుపూసల సందులోంచి డంబెల్ ఆకారంలో బయటికి వచ్చింది, అలా వచ్చేవి సాధారణంగా నరాల గడ్డలే. నా అంచనా తప్పింది. కాబట్టి మీవాళ్లు ముందు టీబీ అని, తర్వాత లింఫోమా అని అన్నందుకు వాళ్లమీద కోపం పెట్టుకోకండి. హెచ్‌ఐవీ ఉన్న మనిషి వెన్నులో గడ్డ కనిపిస్తే ఆ రెండూ ముందు గుర్తుకు రావాలి. ఇది చాలా అరుదు. బయాప్సీ లేకుండా దీన్ని పట్టుకోవడం ఎవరివల్లా కాదు.

ఇది క్యాన్సరా అని అడిగారు. ఒక్క ముక్కలో చెప్పమంటే చెప్పలేను, తప్పించుకోవడానికి కాదు. నునుపు కండరం గడ్డల్లో క్యాన్సర్ కానివాటిని లియోమయోమా అనీ, క్యాన్సర్ అయినవాటిని లియోమయోసార్కోమా అనీ అంటారు. కణాలు ఎంత వేగంగా చీలుతున్నాయి, ఎంత వికారంగా ఉన్నాయి అన్నది చూసి ఆ తేడా చెబుతారు. ఈబీవీ వల్ల వచ్చిన వాటిలో ఆ లెక్క సరిగా పనిచేయదు. మైక్రోస్కోప్ కింద పెద్దమనిషిలా కనిపించినది మళ్లీ పెరగొచ్చు, చెడ్డగా కనిపించినది ఏళ్ల తరబడి కదలకుండా ఉండొచ్చు. అందుకే పాథాలజిస్టులు చాలామంది రెండు పేర్లూ వదిలేసి మీ రిపోర్టులో ఉన్నట్టు ‘ట్యూమర్’ అని ఊరుకుంటారు. వేరే ఎవరైనా చూసి సార్కోమా అంటే కంగారు పడొద్దు, గడ్డ మారలేదు, పేరు మారిందంతే.

గడ్డ స్వభావం కంటే అది ఎక్కడుంది, ఎంత తీయగలిగారు, ఇమ్యూనిటీ ఎంత కోలుకుంటుంది అనేవి ముఖ్యం. వెన్నుపాము ఉండే గొట్టంలో ఖాళీ చాలా తక్కువ. కడుపులో నిమ్మకాయంత గడ్డ ఉన్నా మనిషి తిరిగేస్తాడు. వెన్నులో చిన్న ఉసిరికాయంత ఉంటే కాళ్లు పడిపోవచ్చు. అందుకే అక్కడ ఆపరేషన్ తప్పలేదు. లివర్‌లో ఉన్నదాన్ని మాత్రం, అది ఇదే రకం అని తేలినా, వెంటనే కోయాలని లేదు. చిన్నగా ఉండి ఇబ్బంది పెట్టకపోతే స్కాన్లు తీస్తూ చూడొచ్చు.

ఇక కీమో. మీ డాక్టర్లు కీమో ఇవ్వకపోవడం నిర్లక్ష్యం కాదు, ఆలోచించే చేసి ఉంటారు. మామూలు సార్కోమాలకి వాడే కీమో ఈ గడ్డల మీద అంతగా పనిచేసిన దాఖలా లేదు. పైగా కీమో తెల్లకణాల్ని ఇంకా తగ్గిస్తుంది. ఇమ్యూనిటీ లేక వచ్చిన జబ్బుకి ఇమ్యూనిటీని ఇంకా తగ్గించే మందు ఇస్తే ఏమవుతుందో మీరే ఊహించగలరు. ఈ జబ్బుతో ఉన్న చాలామంది ప్రాణం పోయేది గడ్డ వల్ల కాదు, ఇన్‌ఫెక్షన్ల వల్ల. రేడియేషన్ కూడా మొదటి చికిత్స కాదు. ఆపరేషన్‌తో చేరుకోలేని చోట గడ్డ పెరుగుతూ వెన్నుపామును నొక్కుతుంటే అప్పుడు ఆలోచిస్తారు.

వైరస్ కాబట్టి వైరస్ మందులు ఇవ్వొచ్చు కదా అని మీకు అనిపించి ఉంటుంది. అసైక్లోవిర్, గాన్‌సైక్లోవిర్ లాంటివి వైరస్ చురుగ్గా పిల్లలు పెడుతున్నప్పుడే పనిచేస్తాయి. ఆ మందుని మేల్కొలిపే ఎంజైము వైరస్ తయారుచేస్తేనే మందు పనికొస్తుంది. గడ్డలో వైరస్ నిద్రలో ఉంటుంది, ఆ ఎంజైము చేయదు. కనుక ఎవరైనా ఖరీదైన యాంటీవైరల్ ఇంజెక్షన్లు రాస్తే ఏ లెక్కన రాస్తున్నారో అడగండి.

మరి అసలు మందు ఏది? మీ తమ్ముడు రోజూ వేసుకునే ఆ హెచ్‌ఐవీ మాత్రే. అంత చిన్న మాత్ర ఇంత పెద్ద గడ్డకి చికిత్సా అని తేలిగ్గా తీసుకోకండి. హెచ్‌ఐవీ లోడు, అంటే రక్తంలో ఉన్న వైరస్ లెక్క, పడిపోతే సీడీ4 నెమ్మదిగా పెరుగుతుంది, కాపలా తిరిగొస్తుంది. లోడు కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో పడిపోతుంది కానీ సీడీ4 పెరగడానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది. ఆ వ్యవధిలో నిరాశ పడి మానేయకుండా చూడ్డం ఆ ఇంట్లో మీ పని.

ఒక జాగ్రత్త చెప్పాలి, ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. ఈ రోజుల్లో ఎక్కువమందికి ఇచ్చే హెచ్‌ఐవీ మందుల్లో డోలుటెగ్రావిర్ ఒకటి. వెన్ను ఆపరేషన్ చేసినవాళ్లకి ఎముక బలానికని కాల్షియం, రక్తానికని ఐరన్, కడుపు మంటకని యాంటాసిడ్ సిరప్ రాయడం మామూలే. ఈ మూడూ డోలుటెగ్రావిర్‌ని కడుపులోనే పట్టుకుని ఒంట్లోకి వెళ్లనివ్వవు. డోలుటెగ్రావిర్ వేసుకున్నాక కనీసం రెండు గంటలు ఆగి వాటిని వేసుకోవాలి, లేదా అవి వేసుకున్న ఆరు గంటల తర్వాత దీన్ని వేసుకోవాలి. అన్నీ గుప్పెట్లో పోసుకుని ఒకేసారి మింగితే రోజూ మందు వాడుతున్నా వాడనట్టే అవుతుంది. నరాల నొప్పికి కార్బమజెపిన్ రాస్తే అది కూడా డోలుటెగ్రావిర్ స్థాయిని తగ్గిస్తుంది, గబాపెంటిన్ అయితే ఆ గొడవ లేదు. ఇప్పుడు వేసుకుంటున్న మందులన్నీ, సిరప్పులతో సహా, ఒక సంచిలో వేసుకుని హెచ్‌ఐవీ డాక్టరు ముందు బల్ల మీద పెట్టండి. సర్జన్ రాసినవి ఆయనకి తెలియవు, ఆయన రాసినవి సర్జన్‌కి తెలియవు. ఇద్దరి మధ్య వారధి మీ సంచే. సీడీ4 200 దాటేదాకా న్యుమోనియా రాకుండా కోట్రైమోక్సజోల్ మాత్ర కూడా సాధారణంగా ఇస్తారు. ఇచ్చారో లేదో చూసుకోండి.

గడ్డ మిగిలిపోయి పెరుగుతుంటే వాడే ఇంకో మందు సిరోలిమస్. దీని కథ తమాషాగా ఉంటుంది. 1964 చివర్లో కెనడా నుంచి ఒక వైద్య బృందం పసిఫిక్ మహాసముద్రంలో ఈస్టర్ ద్వీపానికి వెళ్లి అక్కడి మట్టి నమూనాలు తెచ్చింది. ఎప్‌స్టీన్ బృందం వైరస్‌ని చూసిన సంవత్సరమే. ఆ మట్టిలోని ఒక బ్యాక్టీరియా నుంచి తీసిన పదార్థానికి ద్వీపం అసలు పేరు రాపా నుయి మీదుగా రాపామైసిన్ అని పేరు పెట్టారు. అదే సిరోలిమస్. కణం పెరగడానికి ఆజ్ఞలిచ్చే ఎంటార్ అనే మార్గాన్ని అడ్డుకుంటుంది. ఈబీవీ గడ్డల్లో ఆ మార్గం జోరుగా నడుస్తూ ఉంటుంది, కాబట్టి కొందరిలో గడ్డలు ఆగాయి, కుంచించుకుపోయాయి. కిడ్నీ మార్చినవాళ్లకైతే ఇది రెండు విధాల లాభం, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా అప్పటిదాకా వాడుతున్న టాక్రోలిమస్ లాంటి మందుని తగ్గించి, ఆ పని కూడా చేసే దీనికి మారుస్తారు. మీ తమ్ముడికి ఇప్పుడే అవసరమని నేననను. పుండు మానడాన్ని ఇది ఆలస్యం చేస్తుంది, కుట్లు పూర్తిగా మానాకే మొదలుపెట్టాలి. నోటిపూత వస్తుంది, కొలెస్ట్రాల్ పెరుగుతుంది. పైగా హెచ్‌ఐవీ మందుల్లో రిటోనావిర్ గానీ కోబిసిస్టాట్ గానీ ఉంటే సిరోలిమస్ రక్తంలో ప్రమాదకరంగా పేరుకుపోతుంది. ఎప్పుడైనా ఆ మాట వస్తే ముందు ఇది గుర్తుచేయండి.

హెచ్‌ఐవీ మందులు మళ్లీ మొదలుపెట్టిన మొదటి కొన్ని నెలల్లో ఒక చిత్రం జరగొచ్చు. కాపలావాళ్లు ఒక్కసారిగా తిరిగొచ్చి లోపల నక్కిన ఇన్‌ఫెక్షన్ల మీద పడతారు. దాంతో జ్వరం, గ్రంథుల వాపు, పాత చోట వాపు ఎక్కువవడం లాంటివి కనిపిస్తాయి. మందులు పడలేదని చాలామంది అప్పుడే మానేస్తారు. మానకూడదు. డాక్టరుకి చూపించాలి, మందు మాత్రం ఆపకూడదు.

ఇప్పుడు ఆ చెప్పు దగ్గరికి వద్దాం. కాలి చెప్పు జారితే మనకి తెలిసేది పాదం నుంచి మెదడుకి కబురు వెన్నుపాము మీదుగా వెళ్తుంది కాబట్టి. దారిలో గడ్డ నొక్కితే కబురు ఆగిపోతుంది. ఇంట్లో అలాంటి గుర్తులు మళ్లీ కనిపిస్తాయేమో చూస్తుండాలి. పడుకుంటే ఎక్కువయ్యే వెన్నునొప్పి, రోజురోజుకీ కాళ్లు బరువెక్కడం, మెట్ల దగ్గర మోకాలు వంగిపోవడం, ఛాతీ చుట్టూ బిగించి కట్టినట్టుండటం. ఇవి కనిపిస్తే అదే రోజు ఫోన్ చేయాలి. మూత్రం వచ్చినట్టుండి రాకపోవడం, తెలియకుండా పోవడం, తుడుచుకునేటప్పుడు మలద్వారం చుట్టూ స్పర్శ లేకపోవడం, గంటల్లో కాళ్ల బలం తగ్గిపోవడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లండి. రేపు ఓపీలో చూపిద్దాం అనుకుంటే ఆ రాత్రిలోనే కాళ్లు శాశ్వతంగా పోవచ్చు. నొక్కుడు మొదలైనప్పుడు నడవగలుగుతూ ఉన్నవాళ్లే చికిత్స తర్వాత కూడా ఎక్కువగా నడవగలుగుతారు.

మగవాళ్లు మూత్రం సంగతి అక్కకి చెప్పరు. బాత్రూం నుంచి రావడానికి ఎంతసేపు పడుతోందో మీరే గమనించండి, లేదా ఇంట్లో ఇంకో మగవాళ్లెవరైనా అడగాలి. ఎడమపాదంలో స్పర్శ ఇంకా తక్కువగా ఉంటే వేడినీళ్ల బ్యాగు పెట్టకండి. కాలినా తెలియదు, బొబ్బ చూశాకే తెలుస్తుంది. నీళ్లు పోసుకునే ముందు చేత్తో వేడి చూసుకోవాలి, కాలితో కాదు. రోజూ రాత్రి పాదాలు, మడమలు ఒకసారి చూడండి. ఎక్కువసేపు మంచం మీదే ఉంటే రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఫిజియోథెరపీ మానకండి. కాలికి బలం రావడం నెలల తరబడి సాగుతుంది, మూడో వారంలో తేడా లేదని వదిలేయకూడదు. ఎంఆర్‌ఐ మళ్లీ ఎప్పుడో సర్జన్‌ని అడిగి రాసుకోండి. మొదటి ఏడాది మూడు నుంచి ఆరు నెలలకోసారి తీయడం మామూలు. బాగున్నాడు కదా అని అది దాటేయొద్దు.

పాప సంగతి. గడ్డ అంటుకునేది కాదు. ఈబీవీ పాపకి ఈపాటికే వచ్చి ఉండొచ్చు, రాకపోతే బళ్లో ఎవరి దగ్గర్నుంచో వస్తుంది. దాని కాపలా దానికి ఉంది కాబట్టి దానికి ఈ గడ్డ రాదు. హెచ్‌ఐవీ కంచం ద్వారా, గ్లాసు ద్వారా, ముద్దు ద్వారా, పక్కన పడుకుంటే రాదు. మందులు సరిగ్గా వాడి లోడు కనిపించనంతగా తగ్గి అలాగే నిలబడితే శారీరక సంబంధం వల్ల కూడా ఇంకొకరికి రాదని పెద్ద అధ్యయనాలు తేల్చాయి. మీ తమ్ముడికి రేపు పెళ్లి ఆలోచన వస్తే అప్పుడు ఈ మాట పనికొస్తుంది. ఈ పూటే ఆ కంచం తీసుకెళ్లి మిగతావాటితో కలిపేయండి. జాగ్రత్త పడాల్సింది అటువైపు నుంచి. పాపకి జలుబు, దగ్గు, అమ్మవారు లాంటివి వస్తే తగ్గేదాకా మామయ్యకి దూరంగా ఉంచండి. దాన్నుంచి అతనికి రాకూడదు, అతని ఇమ్యూనిటీ తట్టుకోలేదు.

ఆఖరుగా కొవ్వు గడ్డ సంగతి. అమ్మా, అతన్ని నమ్మించామని మీరనుకుంటున్నారు. వీపు మీద జానెడు కుట్లు, స్కాన్ల మీద స్కాన్లు, లివర్‌కి ఇంకో పరీక్ష, ఇంట్లో వేరే కంచం. ఇవన్నీ చూసినవాడు కొవ్వు గడ్డ అంటే నమ్ముతాడా? నమ్మినట్టు ఉంటున్నాడు, మిమ్మల్ని బాధపెట్టడం ఇష్టం లేక. ఒకవేళ నిజంగానే నమ్మితే అది ఇంకా ప్రమాదం. కొవ్వు గడ్డ తీసేశారు కదా, ఇక మాత్రలెందుకు అనుకుంటాడు. మాత్రకీ గడ్డకీ ఉన్న సంబంధం తెలిస్తేనే మాత్ర విలువ తెలుస్తుంది.

చెప్పేటప్పుడు ‘నువ్వు మానేసినందుకే ఇలా అయింది’ అని మొదలుపెట్టకండి. ఎందుకు మానేశావని అడగండి, అడిగి ఊరుకోండి. కొత్త ఊళ్లో మందుల సీసా ఎవరైనా చూస్తారని భయమా, కడుపులో తిప్పేదా, రాత్రి డ్యూటీల్లో వేళ తప్పేదా, మనసు బాగాలేదా. ఏదో ఉంటుంది. వేళ తప్పుతుంటే అతనికి వీలైన వేళ ఏదో డాక్టరుతో మాట్లాడి పెట్టించవచ్చు. సీసా భయమైతే మాత్రల్ని పేరు లేని డబ్బాలోకి మార్చుకోవచ్చు. దిగులైతే దానికీ చికిత్స ఉంది. కారణం తెలియకుండా ‘ఇకనుంచి సరిగ్గా వేసుకో’ అంటే మళ్లీ మొదటికే వస్తాం.

వచ్చే అపాయింట్‌మెంట్‌కి బయాప్సీ రిపోర్టు ఫైలు అతని చేతిలోనే పెట్టండి. డాక్టరు ఎదురుగా ఉన్న కుర్చీలో అతన్ని కూర్చోమనండి, మీరు పక్క కుర్చీలో కూర్చోండి. లివర్ గడ్డకి ఈబర్ చేస్తారా, హెచ్‌ఐవీ లోడు ఈసారి ఎంత, ఎంఆర్‌ఐ ఎప్పుడు అనే మూడు ప్రశ్నలూ అతన్నే అడగనివ్వండి.